గాలం కర్ర దాటిన సెలమా

రొంపిన్ ఏటి మొగ దగ్గర రేవులో ఎవరినడిగినా ఒకటే మాట చెప్పేవారు, రీలు బాగుపడాలంటే ఎంబొంగ్ చెయ్యి పడాల్సిందేనని. ఉప్పు పట్టి గరగరలాడే రీలు, పిడి తిప్పితే మొరాయించే రీలు, ఏదైనా సరే, సాయంత్రం ఎంబొంగ్ బల్ల మీద పడేసి పొద్దున్నే వచ్చి తీసుకుపోతే చాలు, చిటికెన వేలితో తిప్పినా తిరిగేది. తెరచాప చేపల వేటకని కౌలాలంపూర్ నుంచి కార్లలో దిగే షావుకార్లు కూడా ఆ పేరే తలుచుకునేవారు. పేరు ఎంబొంగ్‌దే, అందులో అబద్ధమేమీ లేదు. చెయ్యి మాత్రం ఆయనది కాదు.

చెయ్యి సెలమాది. ఆయన పెళ్ళాం.

సెలమా వలలు అల్లే ఇంట్లో పుట్టింది. ముడి ఎక్కడ వదులైందో కళ్ళు మూసుకుని వేలితో చెప్పగల తల్లి దగ్గర పెరిగింది. నోరు కూడా ఆ తల్లిదే. పెళ్ళైన కొత్తలో అత్తగారు, "ఈ పిల్లకి వేళ్ళు ఎంత నెమ్మదో మాట అంత దురుసు" అందట. సెలమా వంటింట్లోంచే, "రెండూ దురుసైతే మీ వలలు ఎవరు అల్లుతారత్తా?" అందట. ఆ తరవాత అత్తా కోడళ్ళకు ఏ పేచీ రాలేదు. నెత్తిన నోరుంటే పెత్తనం సాగుతుందంటారు చూడండి, అలాంటి మనిషి.

ఎంబొంగ్ అలా కాదు. మెత్తని మనిషి, కబుర్ల పోగు. పెద్ద వేట పడవల మీద ఇంజను మేస్త్రీగా కొన్నాళ్ళు చేసి, సముద్రం ఇక చాలనుకుని, పట్నం వాళ్ళు కర్రలూ రీళ్ళూ పట్టుకుని రావడం మొదలయ్యాక ఇంటి ముందు బల్ల వేసుకున్నాడు. పని బాగానే సాగింది. తరవాత ఆయన చేతులకు వణుకు పట్టుకుంది. ముందు కాఫీ తొణికింది, తరవాత అన్నం మెతుకులు రాలాయి, ఆ తరవాత స్క్రూలు. ఆ రేవులో ఇళ్ళన్నీ గుంజల మీద నిలబెట్టినవే. చేతిలోంచి జారిన స్క్రూ చెక్కల సందులోంచి కింద బురదలో పడేది. దీపం పట్టుకుని, సరోంగు మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, ఆ బురదలో వెతికేది సెలమా. ఒక రోజు ఒకే రీలు స్క్రూ కోసం మళ్ళీ మళ్ళీ దిగాక ఆవిడకు ఓపిక పోయింది. పైకొచ్చి, బురద చేతులు కడుక్కుని, "ఇలా ఇవ్వు" అని రీలు లాక్కుంది.

అలా మొదలైంది. అన్నం వార్చాక వంటింట్లోనే చాప పరుచుకునేది. ముందు రీలు బ్రేకు గట్టిగా బిగించేది, లోపలికి నీళ్ళు పోకుండా. మంచినీళ్ళు ముంతతో సన్నగా పోసేది. రేవులో వాళ్ళలా పైపు పెట్టి కొట్టడం ఆవిడకు ఒళ్ళుమంట. "పైపు పెట్టి కొడితే ఉప్పు బయటికి రాదు, ఇంకా లోపలికి దూరి కూర్చుంటుంది" అనేది. తుడిచాక విప్పి, పాత పళ్ళ బ్రష్షుతో పళ్ళ చక్రాల సందులు గీకి, బేరింగులు కిరసనాయిల్లో కడిగి, ఆరనిచ్చి, గ్రీజు గోరంత పెట్టేది. అంతా అయ్యాక బ్రేకు మళ్ళీ వదులు చేసేది, లోపలి బ్రేకు బిళ్ళలు ఒకదానికొకటి అంటుకుపోకుండా. ఇక కర్రల పని. కర్ర పొడుగునా ఉండే ఉంగరాల్లోంచి పట్టుముసుగు పాత పీలిక ఒకటి దూర్చి లాగేది. ఎక్కడైనా ఒక్క పోగు పట్టుకుందా, ఆ ఉంగరానికి పగులున్నట్టే, రేపు పెద్ద చేప లాగితే దారం అక్కడే తెగుతుంది. కంటికి కనపడని పగులు పట్టుకి తెలుస్తుంది.

ఎంబొంగ్ మాత్రం ముందు వసారాలో, బల్ల ముందు, ఒక విప్పిన రీలు ఎదురుగా పెట్టుకుని, చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చునేవాడు. వచ్చిన వాళ్ళతో కబుర్లు, గాలి ఎటు వీస్తోంది, చేప ఎటు పోతోంది, అదీ ఇదీ. రీలు తీసుకునేవాడు, రీలు ఇచ్చేవాడు. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ అడగలేదు. ఎవరికి కావాలి?

సెలమా మొదట్లో నవ్వుకునేది. తన పని మొగుడి పేరున పోతే పరాయివాడికి పోయినట్టా అనుకునేది. ఆ నవ్వు ఒక పెళ్ళివిందులో ఆగిపోయింది. ఎంబొంగ్‌ను ముందు వరసలో కూర్చోబెట్టి, "రీళ్ళ ఎంబొంగ్ వచ్చాడు, ఆయనకి ముందు వడ్డించండి" అన్నారు. సెలమా వెనక పందిట్లో పెద్ద గిన్నెలోంచి గొడ్డుకూర గరిటెతో తోడుతూ విన్నది. ఆవిడ గోళ్ళ సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు. ఎంబొంగ్ తల వంచుకుని, "ఏదో దేవుడి దయ" అన్నాడు. ఆవిడకు నవ్వు రాలేదు, ఏడుపు రాలేదు. ఒళ్ళంతా కోపం వచ్చింది.

ఇంటికి వచ్చాక చెప్పేసింది. "రేపటినుంచి నేను ముందు కూర్చుంటా. నువ్వు పక్కన కూర్చుని కబుర్లు చెప్పు."

ఎంబొంగ్ మొహం పాలిపోయింది. "నీకు తెలీదా? కర్ర మీద ఆడ చెయ్యి పడిందని తెలిస్తే పడవ నడిపే సరంగు ఒక్కడూ రాడు. దాటిందంటే అసలు మన గుమ్మమే తొక్కరు."

"దేవుడి దయతో రీళ్ళు తిరుగుతున్నాయని చెప్పావుగా. నా చెయ్యి ఎక్కడుంది అందులో?"

"అది కాదే..."

అది కాదు, ఇది కాదు అనుకుంటూ ఇంకొన్నాళ్ళు నెట్టాడు. పాపం ఆయన భయం ఆయనది. ఆడది గాలం కర్ర దాటితే ఆ కర్రకు చేప మొహం చాటేస్తుందని ఆ రేవులో అమ్మమ్మల కాలం నుంచీ నమ్మకం. కాళ్ళకింద పడిందని కర్రలు విరిచి పొయ్యిలో పెట్టిన వాళ్ళున్నారు.

దాపరికం బయటపెట్టింది మాత్రం ఎంబొంగ్ తమ్ముడే. జుసొ. రేవులో పేరున్న సరంగు. మీసం దువ్వుకోందే పడవ ఎక్కడు, వదిన చేతి మిరపకారం, ఆ సంబల్ లేందే అన్నం తినడు. ఒక మధ్యాహ్నం, "వదినా, కాస్త సంబల్ పెట్టు" అంటూ వెనక మెట్లెక్కి వంటింట్లోకి వచ్చి అక్కడే ఆగిపోయాడు. చాప మీద రీలు ముక్కలు ముక్కలుగా ఉంది. సెలమా దాని మధ్య కూర్చుని పళ్ళ చక్రం గీకుతోంది. గడప దగ్గర నేల మీద అతని కర్రలు ఆరబెట్టి ఉన్నాయి.

"అది నా రీలు కదూ?"

"నీదే. ఉప్పు గడ్డలు తీస్తున్నా. పడవ దిగాక ఒక ముంతెడు మంచినీళ్ళు చూపిస్తే నీ సొమ్మేం పోయింది మరిదీ?"

"అన్నయ్యేడి?"

"ముందున్నాడు, కబుర్లు చెప్తున్నాడు. అది ఆయన పని, ఇది నా పని."

జుసొ గొంతు తగ్గింది. "ఎన్నాళ్ళనుంచి?"

"నీ చిన్న కూతురు పాకేటప్పట్నుంచి. ఇప్పుడది బడికి పోతోంది."

"అయితే పోయినేడు చేపల పోటీలో నేను గెలిచినప్పటి రీలు..."

"అదీ ఈ చాప మీదదే."

వేరేవాడైతే నవ్వి, సంబల్ పెట్టించుకుని పోయేవాడు. జుసొ అలా పోలేదు. గెలిపించిన రీలుకే ఇప్పుడు ఏదో అంటుకున్నట్టు చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. గడప దగ్గరున్న కర్రల వైపు చూశాడు. "పోనీలే. కర్రలైతే దాటలేదు కదా వదినా? ఆ ఒక్కటీ చెప్పు, ఇంకేమీ అడగను."

ఇక్కడ సెలమా ఒక చిన్న అబద్ధం ఆడితే కథ ఇక్కడితో అయిపోయేది. 'లేదు మరిదీ' అంటే చాలు. జుసొ కూడా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాడు. కానీ ఆవిడకు గొడ్డుకూర గరిటె గుర్తొచ్చింది. లేచింది. సరోంగు కాస్త పైకెత్తి పట్టుకుని, జుసొ మొహంలోకి చూస్తూ, ఆ కర్రల్ని ఇటునుంచి అటు దాటింది. సంబల్ సీసా అందుకుంది. మళ్ళీ అటునుంచి ఇటు దాటి వచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఈ వంటింట్లో చోటెంతుందో నీకు తెలుసు. రోజూ దాటుతూనే ఉన్నా. చేపలు పడుతూనే ఉన్నాయి" అంది.

జుసొ సంబల్ అక్కడే పెట్టేసి, రీలు ముక్కలు ఒక గుడ్డలో మూట కట్టుకుని, కర్రలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. చీకటి పడకముందే రేవంతా తెలిసిపోయింది.

ఎంబొంగ్ ఆ పూట అన్నం ముట్టలేదు. "ఒక్కసారి వాడి దగ్గరికెళ్ళి పొరపాటైందని చెప్పు. నా కోసం చెప్పు" అని బతిమాలాడు.

"ఏది పొరపాటు? రీలు బాగుచేయడమా, దాటడమా, నిజం చెప్పడమా? ఏదో ఒకటి తేల్చి చెప్పు, దానికి వెళ్ళి క్షమాపణ అడుగుతా."

ఆయన దీపం తగ్గించి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు సెలమా వంటింట్లో సామానంతా, బ్రష్షులు, కిరసనాయిలు డబ్బా, గ్రీజు, పట్టుపీలిక, అన్నీ తెచ్చి ముందు వసారాలో బల్ల మీద సర్దుకుని కూర్చుంది. దారిన పోయేవాళ్ళందరికీ కనపడేలా కూర్చుంది. చేతిలో పని లేదు. మూలనపడ్డ పాత రీళ్ళు తీసి వాటినే విప్పేది, తుడిచేది, బిగించేది, మళ్ళీ విప్పేది. ఊళ్ళోవాళ్ళు చూసి చూడనట్టు పోయేవారు. కొందరు సరంగులు ఆ వసారా ముందు నడవడం మానేసి చుట్టూ తిరిగి పోయేవారు. ఉప్పు పట్టిన రీళ్ళు పైపు పెట్టి కొట్టుకుంటూ, గరగరలాడించుకుంటూనే సముద్రానికి పోయారు.

కాఫీ కొట్టు మెక్ సొమ్ మంచిమనసుతోనే చెప్పింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు సెలమా. కాస్త తగ్గు."

"ఊరు మంచిదైతే నా నోరు దానంతటదే మంచిదవుతుంది. నువ్వు కాఫీలో పంచదార తగ్గించు ముందు" అంది సెలమా.

అలా అన్నదేగానీ, ఎవరూ లేనప్పుడు ఆ ఖాళీ బల్ల చూస్తే ఆవిడకు గుండె జారిపోయేది. రీళ్ళ పని పోతే బతకలేమని కాదు. వలలు అల్లుకోవచ్చు, ఎండుచేపలు అమ్ముకోవచ్చు. ఆవిడకు ఈ పని ఇష్టం. గరగరలాడుతూ వచ్చింది చప్పుడు లేకుండా తిరిగినప్పుడు వేళ్ళకు తెలిసే సుఖం ఇంకెక్కడా దొరకలేదు. అది పోతుందేమోనని భయం వేసింది. భయం వేసినా వంటింట్లోకి మాత్రం వెళ్ళలేదు.

ఒక రోజు పొద్దెక్కాక జుసొ రేవు మెట్లెక్కి సరాసరి ఆ వసారాకే వచ్చాడు. వెనక నలుగురు సరంగులు. వాళ్ళతో రేవు పెద్ద తోక్ సెమాన్, ఊరందరికీ తోక్, అంటే తాత. పెద్దమనిషి, ఎవరినీ నొప్పించడు, అందుకే ఏ తగువూ తెగదు ఆయన దగ్గర. జుసొ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రీలును బల్ల మీద ఠక్కున పెట్టాడు.

"చూడండి తోక్. గాలానికి పెద్ద తెరచాప చేప పడింది. జీవితంలో అంత పెద్దది నా పడవకి పడలేదు. పట్నం ఆయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. చేప పరుగందుకోగానే రీలు బిగుసుకుపోయింది. దారం వదల్లేదు. టప్పున తెగింది. ఆయన నా మొహాన తిట్టి పోయాడు. ఇది ఆవిడ దాటిన కర్ర, ఆవిడ విప్పిన రీలు. ఇంకేం చెప్పాలి? ఈ బల్ల ఇక్కడుండటానికి వీల్లేదు."

వసారా ముందు జనం చేరారు. ఎంబొంగ్ గుమ్మంలో నిలబడ్డాడు, చేతులు చంకల్లో దాచుకుని.

సెలమా రీలు అందుకుంది. పిడి తిప్పింది, కదల్లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది. మూత విప్పి బల్ల మీద బోర్లించింది. తెల్లటి పొడి రాలింది. గ్రీజు చుక్క లేదు. బేరింగు తుప్పుపట్టి ఎర్రగా ఉంది. పళ్ళ చక్రాల మధ్య నలిగి నల్లబడిన పూరేకు ఒకటి ఇరుక్కుని ఉంది. దాన్ని సూదితో తీసి అరచేతిలో పెట్టుకుని తోక్ సెమాన్‌కు చూపించింది.

"మల్లెపూవు తోక్. వాసన చూడండి, నిమ్మకాయ కూడా ఉంది. ముడతల నిమ్మకాయ."

అందరికీ అర్థమైంది. మనిషికి దరిద్రం పట్టిందనుకుంటే నిమ్మరసం, పూలు కలిపిన నీళ్ళతో తలస్నానం చేయించడం వాళ్ళకు మామూలే. రీలుకు చేయించినవాడు మాత్రం అంతకు ముందు ఎవడూ లేడు.

"ఎన్నాళ్ళు నానేశావు మరిదీ?"

జుసొ మీసం సవరించుకున్నాడు.

"నిన్నే. పులుసులో నానిన ఇనప గరిటె ఏమవుతుందో మీ ఆవిడనడిగినా చెప్పేది. పైగా బ్రేకు బిగించకుండా నానేశావు. రసమంతా లోపలికి తాగింది. ఒక్కటేనా, అన్నీ నానేశావా?"

"అన్నీ" అన్నాడు జుసొ, నేల చూస్తూ.

వెనక నుంచి ఒక సరంగు ఆపుకోలేక పకపకా నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాడంట. మనవాడు మద్దెలకి తలంటు కూడా పోశాడు" అన్నాడు. నవ్వు జనమంతా పాకింది. జుసొ చెవులు ఎర్రబడ్డాయి.

తోక్ సెమాన్ చెయ్యెత్తి నవ్వు ఆపాడు. తగువు తీర్చే సమయం వచ్చిందని గొంతు సవరించుకున్నాడు. "సరేనమ్మా. తప్పు నిమ్మకాయదే. నీది కాదు. జరిగిందేదో జరిగింది. ఇక అందరం పాతపద్ధతిలోనే ఉందాం. ఎంబొంగ్ ముందు కూర్చుంటాడు. నువ్వు లోపల ఎలా చేసుకుంటావో నీ ఇష్టం, మేం అడగం, చూడం. నీకూ పనుంటుంది, వీళ్ళకీ మనసు కుదురుగా ఉంటుంది. ఏమంటారు?"

సరంగులు తలలూపారు. జుసొ కూడా ఊపాడు. బాగానే ఉంది బేరం. పని వెనక్కి వస్తుంది, తగువు పోతుంది, ఎవరి మీసం కిందపడదు. పెద్దమనుషుల తీర్పులన్నీ అలాగే ఉంటాయి. ఎవరో ఒకరు వంటింట్లోకి పోతే అందరూ సుఖంగా ఉంటారు.

"ఒప్పుకోను" అంది సెలమా.

"ఏంటమ్మా?"

"లోపలికి పోను తోక్. నా చెయ్యి మంచిదని మీరే ఒప్పుకున్నారు. మంచి చెయ్యిని దాచుకోవాల్సిన అవసరమేంటి? ఇక్కడే కూర్చుంటా. నాకు కావాలంటే కర్ర దాటుతా. ఇష్టమున్నవాళ్ళు రీళ్ళు ఇవ్వండి. లేనివాళ్ళు నిమ్మకాయలు కొనుక్కోండి."

"తాడు తెగేదాకా లాగకూడదమ్మా" అన్నాడు తోక్ సెమాన్ నొచ్చుకుంటూ. తరవాత అందరూ చేసేదే చేశాడు, మొగుడి వైపు తిరిగాడు. "ఎంబొంగ్, నువ్వు చెప్పు నాయనా. ఇంటి పెద్దవి. నువ్వు ముందు కూర్చుంటావుగా?"

సెలమా మొగుడి వైపు చూడలేదు. చూడటానికి ధైర్యం చాలలేదు. ఆయన ఔనంటే ఆవిడ దగ్గర ఇంకో మాట లేదు. ఆయన ఔనంటాడనే అనుకుంది. ఆ మెత్తని మనిషి జీవితంలో ఎవరికి కాదన్నాడు కనుక?

ఎంబొంగ్ గుమ్మం దాటి వచ్చాడు. బల్ల దగ్గర నిలబడి, చంకల్లోంచి చేతులు తీసి అందరి ముందూ చాపాడు. గాలికి రెపరెపలాడుతున్నట్టు వణుకుతున్నాయి ఆ చేతులు. ఎన్నేళ్ళుగానో వాటిని ఎవరికీ కనపడనివ్వలేదు ఆయన. తమ్ముడు కూడా అంత దగ్గరగా చూడలేదు.

"చూడండి" అన్నాడు ఎంబొంగ్. "ఇవి ఒక స్క్రూ పట్టుకుని చాలా ఏళ్ళైంది. నా పేరు చెప్పుకుని మీరు తిప్పిన ప్రతి రీలూ మా సెలమా చేతిదే. పెళ్ళివిందులో ముందు నేను తిన్నాను. నాకు సిగ్గేసింది, కానీ తిన్నాను. ఇక బల్ల ముందు నేను కూర్చోను తోక్. ఇది దాని బల్ల."

సెలమాకు కళ్ళు చెమర్చాయి. కోపంతో ఇన్నాళ్ళు నిలబడిన మనిషి ఆ ఒక్క మాటకు నిలబడలేకపోయింది. ముసుగు చెంగుతో మొహం తుడుచుకుని, ఆయన చేతులు పట్టుకుని తన పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది.

జనం ఒక్కొక్కరే కదిలారు. తోక్ సెమాన్ కాసేపు గడ్డం నిమురుకుని, ఏదో గొణుక్కుంటూ మెట్లు దిగిపోయాడు. సరంగులూ పోయారు. జుసొ ఒక్కడే మిగిలాడు. అతని పడవలో ఒక్క రీలూ తిరగడం లేదు.

"వదినా" అన్నాడు చివరికి. "రేపు పడవెక్కడానికి మనుషులొస్తున్నారు."

"రానీ."

"రీళ్ళన్నీ తెచ్చా. కింద సంచిలో ఉన్నాయి."

"తెచ్చి పెట్టు."

సంచి తెచ్చాడు. బల్ల మీద ఒక్కో రీలూ తీసి పెట్టాడు. పెట్టాక వెనక్కి తిరిగాడు. "సాయంత్రం వచ్చి తీసుకుంటా. వెనక మెట్ల వైపు వస్తాలే, ఎవరూ చూడకుండా."

"ఆగు" అంది సెలమా. కాలితో ఒక పీట అతని వైపు తోసింది. "వెనక మెట్లు మూసేశా. ఇక్కడే నాకెదురుగా కూర్చో. మీ సరంగులంతా ఈ దారినే పోతారు. చివరి రీలు అయ్యేదాకా నా చేతులు చూస్తూ కూర్చుంటే చేస్తా. లేదంటే సంచిలో వేసుకుని వెళ్ళు."

జుసొ అన్న వైపు చూశాడు. ఎంబొంగ్ చేతులు ఒళ్ళో బాహాటంగా వణుకుతున్నాయి, ఆయన వాటిని దాచుకోవడం లేదు. జుసొ రేవు వైపు చూశాడు. ఇద్దరు సరంగులు ఇటే నడిచి వస్తున్నారు. మీసం మీదికి పోబోయిన చెయ్యి మధ్యలోనే దించేసి, పీట దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.